ఇల్లాలికి ఆపరేషన్స్ మేనేజ్‌మెంట్ ఎందుకంటారా?

"ఆపరేషన్స్ మేనేజ్‌మెంటా? అంటే ఆసుపత్రి కోర్సా?" అని అడిగినవాళ్ల మీద నాకు కోపం లేదు. పేరే అలాంటిది. నా కోపమంతా రెండో ప్రశ్న మీద. "ఇంట్లో ఉండేదానివి, అది చదివి ఏం చేస్తావు?" చుట్టాలు అడిగారు, లిఫ్టులో పక్క ఫ్లాటు వాళ్లు అడిగారు. అడగనివాళ్లు "ఏదో కాలక్షేపం, మంచిదేలే" అన్నారు. ఆ "మంచిదేలే" ఇంకా చిరాకు.

పన్నెండు వారాల కోర్సు. ఐఐటీలూ, బెంగళూరు ఐఐఎస్సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్‌పీటెల్ పాఠాలు ఇప్పుడు స్వయం పోర్టల్లో దొరుకుతున్నాయి. చేరడానికి పైసా కట్టక్కర్లేదు, పరీక్ష రాసి సర్టిఫికెట్ తీసుకోవాలంటేనే ఫీజు. ఫోను పోపుల డబ్బాకి ఆనించి చూస్తున్నాను. ఫ్యాక్టరీల్లో పనులు ఎక్కడ ఆగుతున్నాయి, ఎందుకు ఆగుతున్నాయి, సరుకు ఎందుకు పేరుకుపోతోంది, ఇదీ చదువు. మేముండేది రామంతాపూర్లో. ఇటు ఉప్పల్, అటు నాచారం, రెండు వైపులా పారిశ్రామికవాడలే. ఆ షెడ్లలో ఈ శాస్త్రం నడుస్తుంది, జీతాలిచ్చి నడిపిస్తారు. అదే శాస్త్రం రోడ్డు దాటి మా వంటింట్లోకి వస్తే నవ్వులాట.

ఏం చేస్తానో చెప్తాను, వినండి.

జాన్ లిటిల్ అనే ఆయన 1961లో ఒక చిన్న సూత్రాన్ని రుజువు చేశాడు. రోజుకి ఎన్ని వస్తున్నాయి, ఒక్కోటి ఎన్ని రోజులు ఉంటోంది, ఈ రెండూ గుణిస్తే ఏ సమయంలో చూసినా సగటున అక్కడ ఎన్ని ఉంటాయో తేలుతుంది. మాసిన బట్టలతో చూద్దాం. రోజుకి పన్నెండు బుట్టలో పడతాయి. ఉతికి, ఆరేసి, మడతపెట్టి, ఇస్త్రీకిచ్చి, మళ్లీ బీరువాలోకి చేరడానికి నాలుగు రోజులు. అంటే ఇంట్లో ఎప్పుడు చూసినా నలభై ఎనిమిది బట్టలు కుర్చీల మీదో, తీగ మీదో ఉంటాయి. ఇల్లాలు ఎంత బద్ధకస్తురాలో చెప్పే లెక్క కాదది. పెద్ద బుట్ట కొన్నా తగ్గదు.

ఇప్పుడు బట్టలు పక్కన పెట్టి తలకాయ సంగతి చూడండి. గ్యాస్ బుక్ చెయ్యాలి, నల్లా వచ్చే రోజు సంపు నిండిందా చూడాలి, పిల్లాడి ప్రాజెక్టుకి చార్టు, మామగారి షుగర్ మాత్రలు, పెళ్లికి పెట్టాల్సిన చీర, పనమ్మాయి రానన్న రోజు. ఇలాంటివి రోజుకి పది కొత్తగా వస్తాయనుకుందాం. ఒక్కోటి తేలడానికి మూడు రోజులు. అంటే నిద్రపోయేటప్పుడు కూడా ముప్పై విషయాలు ఆ తలలోనే ఉంటాయి. అందులో ముప్పయ్యోది జారిపోతే "నీకు ఈమధ్య మతిమరుపు ఎక్కువైంది" అంటారు. మతిమరుపు కాదు బాబూ, గుణకారం!

ఇంకొక లెక్క ఉంది, అది విన్నాక నేను వీడియో ఆపి కాసేపు కూర్చున్నాను. పని ఎప్పుడొస్తుందో తెలియదు, ఒక్కోటి ఎంతసేపు పడుతుందో తెలియదు. అలాంటి చోట ఒకే మనిషి సమయంలో 80 శాతం పనితో నింపితే, సగటున ఆ మనిషి దగ్గర నాలుగు పనులు నిలిచి ఉంటాయి. 90 శాతం నింపితే తొమ్మిది. 95 శాతానికి పందొమ్మిది. చూశారా, పని కాస్తే పెరిగింది, క్యూ మాత్రం రెట్టింపు దాటింది. అందుకని బుద్ధున్న ఏ ఫ్యాక్టరీ అయినా ముఖ్యమైన చోట కొంత ఖాళీ కావాలనే ఉంచుతుంది. మనింట్లో మధ్యాహ్నం ఓ అరగంట నడుం వాలిస్తే దానికి పెట్టిన పేరేమిటి? "ఖాళీగానే ఉన్నావుగా, ఈ బ్యాంకు పని చూడు."

ఖాళీ వేరు, సోమరితనం వేరు. ఇది నా ఉక్రోషం కాదండీ, క్యూల గణితం.

ఇక అసలు పాఠం బాటిల్‌నెక్. ఎలియాహు గోల్డ్‌రాట్ అనే ఇజ్రాయెల్ భౌతిక శాస్త్రవేత్త 1984లో 'ది గోల్' అనే నవల రాశాడు. మేనేజ్‌మెంట్ చదువుల్లో నవల పాఠ్యపుస్తకంలా చదవడం నాకు ముచ్చటేసింది. (అందులో మేనేజరు ఫ్యాక్టరీని నిలబెట్టే హడావుడిలో ఉంటే భార్య ఇల్లు విడిచి వెళ్లిపోతుంది. ఆశ్చర్యమేముంది!) ఆయన చెప్పేదిది: ఏ వ్యవస్థ వేగమైనా అందులోని ఇరుకైన ఒక్క చోటు వేగమే. ముందు ఆ చోటు కనిపెట్టు. దాని సమయం వృథా కానివ్వకు. మిగతా అన్నిటినీ దాని వేగానికి లోబడి నడిపించు. అప్పటికీ చాలకపోతే దాని సామర్థ్యం పెంచు. తర్వాత ఇరుకు ఇంకోచోటికి మారుతుంది, మళ్లీ మొదలుపెట్టు.

మనింట్లో ఇరుకెక్కడ? అన్ని పనులూ ఎవరి చేతిమీదుగానో, కనీసం ఎవరి నోటిమీదుగానో పోవాలో అక్కడ. "అమ్మా, నా సాక్సెక్కడ?" అన్న కేక ఎటు తిరిగితే అటు.

"తెల్లవారుజామున ఐదింటికి లేవండి, ఆదివారమే వారానికి సరిపడా కూరలు తరిగి పెట్టుకోండి" అని ఆడవాళ్లకి పాఠాలు చెప్పే వీడియోల మీద నా కోపం ఇక్కడే. అవి రెండో మెట్టు దగ్గరే ఆగిపోయి, దాన్నీ తప్పుగా చెప్తాయి. ఇరుకైన చోటు సమయం వృథా చెయ్యొద్దంటే అర్థం, వేరే ఎవరైనా చెయ్యగల పని అక్కడికి పంపొద్దని. ఆ మనిషిని ఇంకో గంట ముందు లేపమని కాదు. మూడో మెట్టు సంగతి ఏ వీడియో ఎత్తదు. మిగతావాళ్లు ఆవిడ వేగానికి లోబడాలి! అంటే రాత్రి తొమ్మిదిన్నరకి "రేపు చార్టు పేపరు కావాలి" అనకూడదు. "నలుగురు ఫ్రెండ్స్ వస్తున్నారు, ఏదో ఒకటి చేసెయ్" అని దారిలోంచి ఫోను చెయ్యకూడదు. ఇరుకు దగ్గర చోటుందో లేదో చూడకుండా కొత్త సరుకు వదిలితే ఏ లైనైనా ఆగుతుంది.

నాచారంలో ప్యాకింగ్ పనికి వెళ్లే మా పక్క వీధి అమ్మాయికి ఇదంతా చెప్తే నాకంటే చక్కగా చెప్పింది. "లైన్ ఆగితే సూపర్‌వైజర్ ఉరుక్కుంటొచ్చి మిషన్‌కేమైందని చూస్తడక్కా. ఇంట్ల కూర లేటైతే నాకేమైందని ఎవ్వరు అడగరు."

దోశల సంగతి కూడా చెప్పాలి. ఐదుగురు, మనిషికి మూడు, దోశకి రెండు నిమిషాలు. అరగంట. రెండో పెనం పెడితే పావుగంటలో అయిపోతుంది. క్లాసులో అయితే ఇక్కడ చప్పట్లు కొడతారు. ఇంట్లో? "రెండు పెనాలున్నాయిగా, ఒకదాని మీద ఊతప్పం వెయ్యి!" మిగిల్చిన పావుగంట అలా ఆవిరైపోయింది. రూత్ కోవన్ అనే అమెరికన్ చరిత్రకారిణి 1983లో 'మోర్ వర్క్ ఫర్ మదర్' అనే పుస్తకమే రాసింది దీని మీద. యంత్రాలొచ్చి మగవాళ్ల పనులూ పిల్లల పనులూ తగ్గాయి, ఆమెకి మాత్రం పద్ధతులు పెరిగాయి, గంటలు తగ్గలేదు. మనకి తెలియనిదా? వాషింగ్ మెషిన్ వచ్చాక ఒకసారి తొడిగిన చొక్కా కూడా బుట్టలోకే. మిక్సీ వచ్చాక రోజుకో పచ్చడి.

అందుకే మెరుగుపరచడం అనే మాటని అనుమానంగా చూడమంటాను. మిగిలిన సమయం ఎవరి ఖాతాలోకి వెళ్తుందో ముందే తేల్చుకోకపోతే, తెలివైన ఇల్లాలికి దక్కేది ఇంకాస్త పని. దేశం లెక్క కూడా అదే చెప్తోంది. కేంద్ర ప్రభుత్వ కాలవినియోగ సర్వేల్లో, జీతంలేని ఇంటి పనులు చేసే ఆడవాళ్లు 2019లో రోజుకి 299 నిమిషాలు వాటి మీద పెట్టారు, మగవాళ్లు 97. 2024కి ఆడవాళ్లవి 289 అయ్యాయి. పోనీలే, పది నిమిషాలు తగ్గాయి అని సంతోషించబోతే మగవాళ్లవీ 88 అయ్యాయి. మనకి పది తగ్గితే వాళ్లకి తొమ్మిది! ఆ 2019 లెక్కనే 2021 జనవరిలో జస్టిస్ ఎన్.వి. రమణ గారు ఒక సుప్రీంకోర్టు తీర్పులో ఎత్తిచూపి, ఇల్లాలి పనికి విలువ కట్టాల్సిందేనన్నారు. అది రోడ్డు ప్రమాదంలో చనిపోయిన దంపతుల పరిహారం కేసు. మన పనికి ధర కట్టడానికి ఎవరో చనిపోవాల్సి వచ్చింది.

"ఇల్లు ఫ్యాక్టరీ కాదమ్మా, ప్రేమకి స్టాప్‌వాచ్ పెడతావా?" అని పెద్దవాళ్లొకరన్నారు. ఆ మాటలో సగం నాకూ ఇష్టమే. చిక్కుళ్లు ఒలుస్తూ అత్తగారూ నేనూ చెప్పుకునే కబుర్లు వృథా కాదు. పాప అన్నం అరగంట తింటే అది జాప్యం కాదు. వాటికి నేనే గడియారం పెట్టనివ్వను. కానీ సరిగ్గా ఎనిమిదింటికి డబ్బా చేతిలో ఉండాలి అన్నప్పుడు ఇల్లు ఫ్యాక్టరీయే కదండీ? షిఫ్టు వేళలు ఒక్కరికే ఉండి, షిఫ్టు దిగే వేళ మాత్రం లేని ఫ్యాక్టరీ.

ఈ చదువుకి ఆడవాళ్లు కొత్త కూడా కాదు. లిలియన్ గిల్‌బ్రెత్ భర్తతో కలిసి ఫ్యాక్టరీల్లో పని కదలికలు, అలసట మీద పరిశోధన చేసింది. పన్నెండుమంది పిల్లల తల్లి. 1924లో భర్త పోయాక, ఆడమనిషి సలహా మాకెందుకని కంపెనీలు ముఖం చాటేస్తే, ఆవిడ ఆ శాస్త్రాన్ని వంటింటి వైపు తిప్పింది. కాలితో తొక్కితే మూత తెరుచుకునే చెత్తడబ్బా ఆవిడ ఆలోచనే అంటారు. ఫ్యాక్టరీ గుమ్మంలో ఆపారు కాబట్టి వంటింట్లోకి వచ్చింది. మనం వంటింట్లోంచి ఆ చదువులోకి వెళ్తుంటే మళ్లీ ఎందుకంటారు!

ఒక హెచ్చరిక. ఈ పేరుతో ఫోన్లు చేసి, ఎల్లో బెల్టు, గ్రీన్ బెల్టు అంటూ వేలకు వేలు కట్టమనేవాళ్లున్నారు. "మేడమ్, ఇంట్లో కూర్చుని సంపాదించుకోవచ్చు" అన్నాడు నాతో ఒకతను. ఉద్యోగానికి పనికొస్తుందనుకుంటే ఆలోచించండి, కానీ చదువు మాత్రం ఉచితంగా దొరుకుతోంది. నా అసలు ఫిర్యాదు భాషతో. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో ఈ హైదరాబాద్‌లోనే పుట్టింది, ఇప్పటి అంబేద్కర్ యూనివర్సిటీ. ఇంటి పనుల మధ్య తెలుగులో డిగ్రీ చదివిన ఆడవాళ్లు అందులోంచి ఎంతమందో వచ్చారు. నేను చూసే ఈ పాఠాలు మాత్రం ఇంగ్లీషులో ఉన్నాయి. సెల్లార్లో కుట్టుమిషన్లు పెట్టుకుని నలుగురికి పనిచ్చే అక్కకి, కర్రీ పాయింట్ నడిపే వదినకి బాటిల్‌నెక్ గురించి తెలుగులో ఎవరు చెప్తారు?

మా ఇంట్లో మూడు పనులు పూర్తిగా చేతులు మారాయి. నల్లా-సంపు-మోటారు మావారిది. "చెప్పు, చేస్తాను" కాదు, గుర్తుపెట్టుకోవడం కూడా ఆయనదే. స్కూలు బ్యాగు, చార్టులు పిల్లలవి, రాత్రి ఎనిమిది దాటాక కొత్త కోరికలు తీసుకోబడవు. మాత్రల డబ్బా మామగారు తనే నింపుకుంటున్నారు, నాకంటే జాగ్రత్తగా. మొదటి వారం సంపు పొంగి మెట్ల దాకా నీళ్లొచ్చాయి. నేను లేవలేదు.

స్వయంలో కొత్త కోర్సులు జనవరిలో, జులైలో మొదలవుతాయి. చేరేముందు పాఠం వినే గంట ఏదో ఇంట్లో అందరికీ చెప్పండి. ఆ గంటలో కాలింగ్ బెల్ మోగితే తలుపు ఎవరు తియ్యాలో కూడా అప్పుడే చెప్పెయ్యండి.