తొట్టెలో ఉంటే సరే... కణ్మాయిలో పడితే?

పెరటి చేపల సాగులోకి క్రేఫిష్
ఇంట్లోనే పిల్లలు పెట్టడం దాని గొప్ప... అదే అసలు ముప్పు

సేత్తూరు (రాజపాళయం): పడమటి కనుమల అంచున, రాజపాళయం నుంచి తెన్‌కాశి వెళ్లే దారిలో ఉంది సేత్తూరు. ఈ చుట్టుపక్కల ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. ఇక్కడ నీళ్ల లెక్కంతా ఈశాన్య రుతుపవనాలదే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసిందే కణ్మాయిలకు ఆధారం. కురవకపోతే బోర్లే దిక్కు. ఇలాంటి చోట తక్కువ నీటితో చేపలు, కూరగాయలు కలిపి పెంచే అక్వాపోనిక్స్ మీద ఆసక్తి కలగడం సహజమే. అయితే ఆ తొట్టెలోకి చేపతో పాటు క్రేఫిష్‌ను కూడా దింపాలన్న ఆలోచనే ఇప్పుడు ఆగి చూడాల్సిన విషయం.

రొయ్యకు, పీతకు మధ్యలో ఉన్నట్టు కనిపించే జీవి క్రేఫిష్. ముందు రెండు పెద్ద డెక్కలు, వెనక రొయ్య లాంటి తోక. ఆస్ట్రేలియా ఉత్తర ప్రాంతం, పాపువా న్యూగినియా దక్షిణ భాగాలకు చెందిన 'రెడ్‌క్లా' రకం వేడి నీటికి తట్టుకుంటుంది. అందుకే ఉష్ణదేశాల్లో సాగుదారుల చూపు దానిపై పడింది. భారతదేశంలో సహజంగా పుట్టి పెరిగే క్రేఫిష్ ఒక్కటి కూడా లేదు. రంగుల చేపల వ్యాపారం వెంట వచ్చినవే ఇక్కడ అద్దాల తొట్టెల్లో కనిపిస్తున్నాయి.

మేతను బట్టే మడి

అక్వాపోనిక్స్‌లో మాయేమీ లేదు. చేప తిన్న మేతలో కొంత ఒంటికి పడుతుంది, మిగతాది అమ్మోనియాగా నీళ్లలో కలుస్తుంది. అమ్మోనియా చేపకు విషం. గులకరాళ్ల మీద పేరుకునే బాక్టీరియా దాన్ని మొదట నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ మొక్కకు ఎరువు. మొక్కలు వడగట్టిన నీరు తిరిగి చేపల తొట్టెలోకి చేరుతుంది. ఈ బాక్టీరియా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ ఓపిక లేక మొదటి వారంలోనే చేపలు వదిలి, అవి తేలిపోయాక ఈ పద్ధతే పనికిరాదని తేల్చేసేవారు ఎక్కువ.

వర్జిన్ ఐలాండ్స్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ రాకోసీ బృందం ఏళ్ల తరబడి పనిచేసి దీనికొక కొలత ఇచ్చింది. ఆకుకూరలు పెంచే తేలియాడే మడి ఒక చదరపు మీటరుకు రోజుకు 60 నుంచి 100 గ్రాముల మేత లెక్క. వెయ్యి లీటర్ల తొట్టెలో 20 కిలోల చేపలున్నాయనుకుందాం. రోజుకు పావుకిలో మేత వేస్తే రెండున్నర నుంచి నాలుగు చదరపు మీటర్ల మడి కావాలి. మిద్దె మీద ఒక మూల సరిపోతుంది. ఆవిరైన మేరకు, మొక్కలు పీల్చుకున్న మేరకు నీళ్లు పోస్తే చాలు.

2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో, నీటిని తిప్పి వాడే పెరటి యూనిట్లకు కూడా చోటు కల్పించారు. సాధారణ వర్గాలకు 40 శాతం, ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు 60 శాతం రాయితీగా పెట్టారు. అంటే ఇంటి తొట్టెలో చేప అనేది సర్కారు కూడా ఒప్పుకున్న మాటే. పేచీ అంతా క్రేఫిష్‌తోనే.

చేపతో పొత్తు కుదిరేనా?

అడుగున పడిన మేత, నాచు, కుళ్లిన ఆకు... ఏదైనా తింటుంది, తొట్టె శుభ్రంగా ఉంటుంది, పైగా ఖరీదైన మాంసం దక్కుతుంది. క్రేఫిష్ గురించి చెప్పే గొప్పలివి. ఇందులో నిజం లేకపోలేదు. కానీ ఒకే తొట్టెలో చేపను, దీన్ని వదిలితే జరిగేది వేరు. క్రేఫిష్ పెరగాలంటే పెంకు విడవాలి. విడిచిన తర్వాత కొత్త పెంకు గట్టిపడేదాకా ఒళ్లు మెత్తగా ఉంటుంది. అప్పుడు చేప పొడుస్తుంది, తోటి క్రేఫిష్ కూడా పీక్కు తింటుంది. రాత్రిపూట అడుగున నిద్రపోయే చేప తోక క్రేఫిష్ డెక్కకు చిక్కుతుంది. పోనీ అని మొక్కల తొట్టెలో వదిలితే వేళ్లు కొరికేస్తుంది.

కాబట్టి పెంచేవారు వేరే తొట్టె పెట్టుకోక తప్పదు. నీళ్లు కలిసినా జీవులు కలవకుండా మధ్యలో జాలీ ఉండాలి. దాక్కోవడానికి ఒక్కోదానికి ఒక్కో పీవీసీ పైపు ముక్క వేయాలి. మూత లేకపోతే గాలి గొట్టం పట్టుకుని పైకి పాకి బయటపడుతుంది. తడి ఉంటే నేల మీద కూడా గంటల తరబడి బతుకుతుంది. రాగి దీనికి విషం, రాగి గొట్టాలు, మైలుతుత్తం దగ్గరికి రానీయకూడదు. పురుగుమందు సంగతి చెప్పనక్కర్లేదు. పైరెత్రాయిడ్ మందు గాలికి కొద్దిగా కొట్టుకొచ్చి పడినా చేప కంటే ముందు ఇదే చస్తుంది. పత్తి, మామిడి తోటల మధ్య ఉన్న ఊళ్లకు ఇది చిన్న విషయం కాదు.

దక్కే మాంసం ఎంత? రెడ్‌క్లాలో తినే తోక కండ మొత్తం బరువులో దాదాపు నాలుగో వంతు. 50 గ్రాముల చొప్పున వంద పెంచితే ఐదు కిలోలు. అందులో తినేది కిలోం పావు. ఈ మాత్రానికి మరో తొట్టె, మరో మోటారు, మరో కరెంటు బిల్లు. ఇంటి కూర కోసమే అయితే చేప చాలు.

నీలకంఠ రొయ్యకు, దీనికి తేడా

మరి దీని మీద ఇంత మోజెందుకు? సమాధానం పిల్లల దగ్గర ఉంది. మన నీలకంఠ రొయ్య మంచినీటిలో పెరుగుతుంది గానీ, దాని పిల్లలు మొదటి దశలో ఉప్పునీరు కలిసిన నీటిలోనే బతుకుతాయి. అందుకే హేచరీ లేనిదే దాని సాగు లేదు. క్రేఫిష్‌కు ఆ అవసరం లేదు. ఆడది వందల గుడ్లను తోక కింద ఆరు నుంచి పది వారాలు మోస్తుంది. పొదిగాక బయటికొచ్చేవి తల్లికి నకలులాంటి బుల్లి క్రేఫిష్‌లే. ఉప్పునీరు అక్కర్లేదు, హేచరీ అక్కర్లేదు. ఒక మగ, మూడు నాలుగు ఆడవి ఉంటే మిద్దె మీదే విత్తనం తయారు.

ముప్పు కూడా సరిగ్గా ఇక్కడే ఉంది. నీలకంఠ రొయ్య తప్పించుకుని వానాధార కణ్మాయిలో పడినా అక్కడ సంతతి వృద్ధి కాదు. క్రేఫిష్ పడితే మిద్దె మీద చేసిన పనే కణ్మాయిలోనూ చేస్తుంది. నాలుగు వందల పిల్లల్లో వంద బతికినా ఇంట్లో పెట్టే చోటుండదు. చంపడానికి మనసు రాదు, కొనేవాడు దొరకడు. చివరికి బకెట్ వెళ్లేది ఎక్కడికో ఊహించడం కష్టం కాదు.

జిలేబి చెప్పిన పాఠం

ఇది భయపెట్టడానికి చెప్పే మాట కాదు. తమిళనాడులో జిలేబి అని పిలిచే తిలాపియా ఇలాగే వచ్చింది. పేదవాడి పళ్లెంలోకి చవక చేప అంటూ 1952లో దేశంలోకి తెచ్చారు. అమరావతి లాంటి జలాశయాల్లో అదే రాజ్యమేలే స్థితికి చేరింది. ఇప్పుడు దాన్ని ఏరిపారేయడం ఎవరి తరమూ కాదు. ఆఫ్రికా క్యాట్‌ఫిష్ సాగును 2000లో కేంద్రం నిషేధించినా దొంగచాటు సాగు ఆగలేదు. కొండకు అవతల కేరళలో 2018 ఆగస్టు వరదలప్పుడు పెంపకం చెరువులు తెగి, దక్షిణ అమెరికా అరపైమా సైతం నదుల్లో తేలింది. వరదకు గట్టు తెలియదు, లైసెన్సు తెలియదు.

క్రేఫిష్ కథలు ఇంకా ఘాటైనవి. కెన్యాలోని నైవాషా సరస్సులో 1970 ప్రాంతంలో వదిలిన ఎర్ర క్రేఫిష్ నీటి మొక్కలను మేసేసింది. రెడ్‌క్లా ఆఫ్రికాలో సాగు చెరువుల నుంచి జారుకుని జాంబియా, జింబాబ్వే మధ్య ఉన్న కరీబా సరస్సు చేరింది. వలలో పడిన చేపలను కొరికి పాడుచేయడం అక్కడి జాలర్లకు కొత్త బాధ. 1990లలో జర్మనీ అక్వేరియం వ్యాపారంలో బయటపడిన పాలరాతి చారల క్రేఫిష్‌కైతే మగతోడే అక్కర్లేదు. ఒక్కటి చాలు, గుడ్లు పెట్టి సంతతి పెంచుతుంది. అది మడగాస్కర్ వరి పొలాల దాకా పాకింది. యూరోపియన్ యూనియన్ 2016లో దీనితో కలిపి ఐదు రకాల క్రేఫిష్‌లను నిషిద్ధ జాబితాలో చేర్చింది.

చైనా సంగతేమిటని అడిగేవారుంటారు. నిజమే, అక్కడ వరిమళ్లలో ఎర్ర క్రేఫిష్ సాగు పెద్ద పరిశ్రమ. కానీ అది 1930 ప్రాంతంలో జపాన్ నుంచి వచ్చి, కాలువల్లో పాతుకుపోయాక పుట్టిన పరిశ్రమ. ఆ జపానే 2023 జూన్ నుంచి దాన్ని అమ్మడం, బయట వదలడం నిషేధించింది. ఇంట్లో పెంచుకునేవారిని మాత్రం పెంచుకోనిచ్చింది. నిషేధమంటే భయపడి జనం కాలువల్లో పారబోస్తారని అక్కడి ప్రభుత్వం ముందే ఆలోచించింది.

సేత్తూరుకే ఎందుకింత పట్టింపు?

కొండవాగులు ఇక్కడే నేలకు దిగుతాయి. పైన 2021లో ప్రకటించిన శ్రీవిల్లిపుత్తూరు-మేఘమలై పులుల అభయారణ్యం. ఆ వాగుల్లో పడమటి కనుమల్లో తప్ప మరెక్కడా లేని చేపలు, మంచినీటి పీతలు బతుకుతుంటాయి. కింద కణ్మాయిలు గొలుసుకట్టుగా ఉంటాయి. ఒకటి నిండి అలుగు పారితే నీళ్లు తర్వాతి దాంట్లోకి. ఒక కణ్మాయిలో పడిన జీవి రెండు మూడు వానాకాలాల్లో ఎంత దూరం పోగలదో రైతుకు వేరే చెప్పాలా? క్రేఫిష్ జాతుల్లో కొన్ని గట్లకు బొరియలు పెడతాయి. కణ్మాయి గట్టు మీద ఆధారపడిన ఆయకట్టుకు ఇది నేరుగా తగిలే దెబ్బ.

ఆంధ్రలో రొయ్యల రైతుకూ ఇందులో వాటా ఉంది. 1994-95లో తెల్లమచ్చల వైరస్ కోస్తాను ఎలా కుదిపేసిందో నెల్లూరు మరిచిపోలేదు. ఆ వైరస్ క్రేఫిష్‌కూ సోకుతుంది. అందుకే 2009లో వనామీకి అనుమతి ఇచ్చినప్పుడు కూడా తల్లి రొయ్యలను చెన్నై నీలాంకరైలోని క్వారంటైన్ కేంద్రం దాటకుండా రానివ్వలేదు. ఏ పరీక్షా లేకుండా ప్లాస్టిక్ కవర్లో బస్సెక్కి వచ్చే క్రేఫిష్‌కు ఆ కాపలా ఎక్కడిది?

దారి లేకపోలేదు

ఇంటి తొట్టెను వద్దనడం పరిష్కారం కాదు. కొరమీను మన నేల చేప. గాలి పీల్చుకుని బతుకుతుంది, కరెంటు పోయి మోటారు ఆగినా ఒక పూట తట్టుకుంటుంది. మార్కెట్లో ధరా ఉంది. గుళిక మేతకు చిన్నప్పుడే అలవాటు చేయాలి, సైజుల వారీగా విడదీయాలి, అంతే. రొయ్యే కావాలనుకుంటే భువనేశ్వర్‌లోని సీఫా మెరుగుపరిచిన నీలకంఠ రకం ఉంది. 2005-06లో దేశంలో 40 వేల టన్నులు దాటిన ఈ రొయ్య సాగు, తెల్లతోక తెగులుతో, నాసిరకం విత్తనంతో చతికిలపడింది. మంచి విత్తనం అందితే పెరటి తొట్టెలకూ అది పనికొస్తుంది.

ఇప్పటికే క్రేఫిష్ పెంచుతున్నవారు మాత్రం తొట్టెకు మూత బిగించాలి. బయటికి పోయే నీటికి సన్నజాలీ కట్టాలి. మగ, ఆడ విడదీసి ఉంచాలి. మిగిలితే ఐసులో పెట్టి చంపి వండుకోవాలి తప్ప, జాలిపడి కాలువలో వదలకూడదు. పుణ్యమనుకుని చేసే ఆ పనే ఊరి నీటికి పాపమై చుట్టుకుంటుంది. మత్స్యశాఖ, పట్టణ పంచాయతీ కలిసి అమ్మేవారి వివరాలు నమోదు చేసి, ఈ నాలుగు మాటలు తమిళంలోనూ తెలుగులోనూ కొట్ల ముందు అతికిస్తే ఖర్చయ్యేది కాగితాలే.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం జిలేబి విషయంలో ఒకసారి అయింది. క్రేఫిష్ ఇంకా తొట్టెల్లోనే ఉంది. అలుగు పారే కాలం వచ్చేలోగా మూత బిగుస్తుందా లేదా అన్నదే తేలాలి.