ధ్యానం సరే, డ్యూటీ గంటల మాటేమిటి?

పీజీ డాక్టర్ల మానసిక వేదన మీద వార్త వచ్చిన ప్రతిసారీ పక్కనే ఒక ధ్యాన శిబిరం ఫొటో అచ్చవుతోంది. ప్రార్థన, ప్రాణాయామం, దైవచింతన చాలామందికి నిజంగానే ఊరటనిస్తాయి, కాదనను. ఎంబీబీఎస్ కొత్త బ్యాచ్‌కి 10 రోజుల యోగా శిక్షణ పెట్టమని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే సూచించింది. మంచిదే. రాసేవాళ్లు నిబంధనల వైపు కూడా ఒకసారి చూస్తే బాగుండేది.

1992 జూన్ 5న కేంద్ర ఆరోగ్య శాఖ ఇచ్చిన రెసిడెన్సీ ఉత్తర్వు ప్రకారం జూనియర్ రెసిడెంట్, అంటే పీజీ డాక్టర్, సాధారణంగా వారానికి 48 గంటలు, ఏకబిగిన 12 గంటలకు మించకుండా పనిచేయాలి. వంతులవారీగా వారానికో సెలవు. అవసరాన్ని బట్టి సడలించుకోవచ్చన్న వెసులుబాటు కూడా అందులోనే ఉంది. ఆసుపత్రులు ఉత్తర్వును వదిలేసి ఆ వెసులుబాటును పట్టుకున్నాయి. 2023 పీజీ నిబంధనలు వచ్చేసరికి 48 అంకె కూడా పోయింది. సముచితమైన పనివేళలు, తగినంత విశ్రాంతి అని రాసి ఊరుకున్నారు. వారపు సెలవు మిగిలింది, అదీ పని అవసరాలకు లోబడి. ఏది సముచితమో తేల్చేదెవరు? విభాగాధిపతి. కాదనే ధైర్యం ఏ పీజీకి ఉంటుంది?

కమిషన్ టాస్క్‌ఫోర్స్ 2024లో వారానికి 74 గంటలు దాటొద్దంటే దాన్ని సంస్కరణ అని రాశారు. 1992 లెక్కకు అది 26 గంటలు ఎక్కువ! తమ సర్వేలో పాల్గొన్న పీజీల్లో సుమారు 31 శాతం మందికి ఆత్మహత్య ఆలోచనలు వచ్చాయని చెప్పిందీ ఆ నివేదికే.

విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న విద్యార్థిని మృతి కేసులో 2025 జులై 25న సుప్రీంకోర్టు, మానసిక ఆరోగ్యం 21వ అధికరణలో భాగమని తేల్చింది. వందా అంతకు మించి విద్యార్థులున్న సంస్థల్లో అర్హత గల కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో నియమించాలంది. చట్టం వచ్చేదాకా ఆ మార్గదర్శకాలకు చట్టబలం ఉంది. ప్రవచనకర్తలు ఆ లెక్కలోకి రారు.

ముప్పై ఆరు గంటల డ్యూటీ దిగినవారికి ముందు కావలసింది నిద్ర. గుడికో, మసీదుకో, చర్చికో పోవాలన్నా ఆ వారపు సెలవు దొరకాలి కదా. హాజరు వేసి చేయించే ధ్యానం మరో డ్యూటీయే.

విజయవాడ, వరంగల్ ఆరోగ్య విశ్వవిద్యాలయాలు ప్రతి కళాశాలలో, ప్రతి విభాగం డ్యూటీ రోస్టర్‌ను నెలనెలా బయటపెట్టించాలి. అందుకు కొత్త చట్టమేమీ అక్కర్లేదు.