సేంద్రియ తోటలో కూలికీ కౌలుకూ చోటు ఏదీ?

పాలకొల్లు చుట్టుపక్కల తోటల్లో యిప్పుడు ఎక్కడ విన్నా సేంద్రియ సాగు మాటే. మందు కొట్టని కాయకు, పండుకు పట్నంలో మంచి రేటు పలుకుతుందని అంటున్నారు. 2016 నుంచి రాష్ట్ర ప్రభుత్వమే దీనిని ప్రచారం చేస్తూ వచ్చింది. దీనిపై వ్యవసాయ కార్మికులుగా మన వైఖరి ఏమిటి? మేము దీనికి వ్యతిరేకులం కాము. విషం లేని తోట కావాలని అందరికంటే ముందు అడగవలసింది మనమే.

ఎందుకంటే మందు డబ్బా వీపున మోసేది తోట ఆసామి కాదు. ముక్కుకు తువ్వాలు చుట్టుకుని గాలికి ఎదురు నిలబడి కొట్టేది కూలివాడు. కొబ్బరి నల్లికి వేరు కొస కోసి మోనోక్రోటోఫాస్ సంచి కట్టిందీ మన చేతులతోనే. ఆ మందును కూరగాయల మీద వాడరాదని 2005లోనే నిషేధించారు. 2013లో బీహారులో ఒక బడి భోజనంలో అదే విషం కలిసి 23 మంది పిల్లలు చనిపోయారు. తినేవాడి విస్తట్లోకి చేరేది చుక్క అయితే, కలిపేవాడి ఒంటికి అంటేది దోసెడు.

మందు లేకుండా తోట నిలుస్తుందా అని కొందరు అడుగుతారు. 2016 చివర్లో కడియం వైపు కనిపించిన సర్పిలాకార తెల్లదోమ కొబ్బరి తోటలన్నిటికీ పాకింది. ఆకులు మసిబారాయి. కంగారుపడి మందు కొడితే దోమతోపాటు దానిని తినే మిత్రపురుగులూ చస్తాయి, దోమ మళ్లీ వస్తుంది. అంబాజీపేట ఉద్యాన పరిశోధనా కేంద్రం వారు ఆ మిత్రపురుగులనూ, దోమకు తెగులు తెప్పించే బూజునూ పెంచి రైతులకు యిచ్చారు. గానోడెర్మా తెగులుకు ట్రైకోడెర్మాను వేపపిండితో కలిపి పాదుల్లో వేయమంటారు. కొమ్ముపురుగు పెంటకుప్పలో పెరుగుతుంది కనుక కుప్ప తిరగేసి పిల్లపురుగులను ఏరాలి. దారి వుంది.

అయితే ఒక్క సంగతి గమనించండి. మందు సీసా చేసే పని యిక్కడ మనిషి చెయ్యాలి. గడ్డిమందు మానితే ఆడకూలీలు వంగి కొడవలితో గడ్డి కొయ్యాలి. డొక్క పాదుల్లో పాతాలి, మట్టలు నరికి కుళ్లబెట్టాలి, జనుము, జీలుగ చల్లి మట్టిలో కలపాలి, పేడ మోసుకొచ్చి జీవామృతం కలపాలి. దీనికి మొదట్లో పెట్టుబడి లేని వ్యవసాయం అని పేరు పెట్టారు. ఎవరికి లేదు పెట్టుబడి? మందుల కొట్టుకు కట్టే డబ్బు మిగిలిన మాట నిజమే. ఆ మిగులు ఆసామి జేబులోకీ, పెరిగిన చాకిరీ పాత కూలికే మన నడుం మీదకీ వస్తే, అది పాత దోపిడీకి పచ్చరంగు వేసినట్టే.

రెండెకరాల చిన్నరైతు, నాకే గిట్టడం లేదు, కూలి ఎక్కడ పెంచను అంటాడు. అతని మాటా నిజమే. అతను మనకు శత్రువు కాడు. అతని కాయకు ధర కట్టేది దళారీ. ప్రభుత్వం సేంద్రియ సరుకును న్యాయమైన ధరకు కొంటే అతనూ కూలి యివ్వగలడు.

యిక కౌలు సంగతి. 2001లో వచ్చిన జాతీయ సేంద్రియ కార్యక్రమం నిబంధనల ప్రకారం పండ్లతోటకు సేంద్రియ ముద్ర పడాలంటే 3 సంవత్సరాలు ఆగాలి. మరి కౌలుదారుకు గడువెంత? 1956 కౌలు చట్టం కనీసం 6 సంవత్సరాలని రాసింది, అది కాగితానికే పరిమితమయింది. 2019 చట్టం 11 నెలల ఒప్పందం అన్నది, అదీ యజమాని సంతకం పెడితేనే. లంకల్లో అరటి, కొబ్బరి నీడన కంద వేసే కౌలుదారు ఎరువు తోలి మట్టిని బాగుచేస్తే, మరుసటి ఏడు ఆసామి కౌలు పెంచుతాడు, లేదా యింకొకడికి యిస్తాడు. ఏడాదికొకసారి చేతులు మారే నేలను నమ్మి ఎవడు బాగుచేస్తాడు?

దీనికి తోడు చుట్టూ రొయ్యల చెరువులు. గట్టు అవతల ఉప్పునీరు నిలబెడితే అది ఊటగా దిగి కొబ్బరి వేళ్లకు తగులుతుంది. ఎన్ని బండ్ల పెంట తోలినా ఆ తోట నిలవదు. చెరువుకు లైసెన్సు వుండాలని 2020లో చట్టం చేశారు. తోటల పక్కన ఆ లైసెన్సు యివ్వకూడదు.

కనుక మేము కోరుతున్నది యిది. సేంద్రియ తోటల పనికి, ఆడా మగా తేడా లేకుండా, వేరే కూలి రేటు నిర్ణయించాలి. చెట్టెక్కే దింపు కార్మికులకు ప్రమాద బీమా ప్రభుత్వమే కట్టాలి. యజమాని సంతకంతో పనిలేకుండా కౌలుదారుకు కనీసం 6 సంవత్సరాల హక్కు యివ్వాలి. మిత్రపురుగులు కౌలుదారు తోటకూ అందాలి.

అంతవరకూ చేతులు ముడుచుకు కూర్చోనక్కరలేదు. పాలకొల్లు, యలమంచిలి, ఆచంట మండలాల్లో కూలి రేట్లు మాట్లాడుకోడానికి కూర్చునేటప్పుడు, గడ్డి కోత మొదలు జీవామృతం కలపడం దాకా పనులన్నీ జాబితా రాయండి. ప్రతి పనికీ ఎదురుగా రేటు రాయండి. నేలకు బలం పెట్టే చేతులకు కూడు పెట్టని తోట ఎంతోకాలం పచ్చగా వుండదు.