గెలిచినా పిలుపు రాలేదు!

పదమూడు మ్యాచ్‌లు ఆడింది. పదమూడూ గెలిచింది. అయినా ఛాంపియన్‌షిప్ పోరుకు పిలుపు రాలేదు! 2023 డిసెంబరు 3న అమెరికాలోని ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టుకు ఎదురైన అనుభవమిది. ఒక మ్యాచ్ ఓడిన అలబామాకేమో చోటు దక్కింది. కారణమేంటంటే, ఫ్లోరిడా జట్టుకు ప్రాణంలాంటి ఆటగాడు జోర్డన్ ట్రావిస్ నవంబరులో కాలికి తీవ్రగాయమై ఆటకు దూరమయ్యాడు. అతను లేకపోతే ఆ జట్టు బలం తగ్గినట్టేనని 13 మంది సభ్యుల కమిటీ లెక్కగట్టింది. అంతే, అప్పటిదాకా సాధించిన గెలుపులన్నీ పక్కకెళ్లిపోయాయి.

అక్కడి ఫుట్‌బాల్ మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చంకన పెట్టుకుని పరుగెత్తే ఆట. సీజన్ చివర్లో జరిగే పెద్ద మ్యాచ్‌లని ‘బౌల్’ అంటారు. గిన్నెలా ఉండే స్టేడియాల వల్ల వచ్చిన పేరది. పాసడీనాలో 1902లో జరిగిన మ్యాచ్‌తో వీటి కథ మొదలైంది. పై డివిజన్‌లోనే వందకు పైగా జట్లుంటాయి. ఒక్కోటీ సీజన్‌లో పన్నెండు మ్యాచ్‌లే ఆడుతుంది. అందరితో అందరూ తలపడే వీలే లేదు. మరి ఎవరు గొప్పో తేల్చేదెలా? 1998 నుంచి 2013 సీజన్ దాకా ఓట్లూ కంప్యూటర్ లెక్కలూ కలిపి తేల్చారు. 2014 నుంచి ఆ పని కమిటీకి అప్పగించారు. మొదట్లో నాలుగు జట్లకే చోటు. ఫ్లోరిడా గొడవ జరిగిన మరుసటి ఏడాది, అంటే 2024లో, దాన్ని పన్నెండుకి పెంచారు. ఆ మార్పు అంతకుముందే ఖాయమైంది కాబట్టి గొడవ వల్లే పెంచారనుకోవడానికి లేదు!

ఇక మన హిందూపురం సంగతి చూద్దాం. ఇక్కడి డిగ్రీ కాలేజీ కుర్రాళ్లు ఎంత బాగా ఆడినా ఆ కాలేజీ పేరుతో దేశస్థాయి అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు వెళ్లలేరు. వెళ్లేది యూనివర్సిటీ జట్టు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం డిగ్రీ కాలేజీలు అనంతపురంలోని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం కిందికొస్తాయి. జిల్లా 2022లో శ్రీసత్యసాయిగా విడిపోయినా ఆట మాత్రం ఇంకా అనంతపురంతోనే ముడిపడి ఉంది. ఇంజినీరింగ్ వాళ్లది జేఎన్‌టీయూ అనంతపురం. కాబట్టి ఒకే వీధిలో బంతి తన్నుతూ పెరిగిన ఇద్దరు స్నేహితులు సౌత్ జోన్‌కి వెళ్లేసరికి ప్రత్యర్థులుగా ఎదురెదురు నిలబడినా ఆశ్చర్యం లేదు.

జట్టు విషయంలో మన పద్ధతి సూటిగానే ఉంటుంది. భారత విశ్వవిద్యాలయాల సంఘం దేశాన్ని నాలుగు జోన్లుగా విడగొట్టింది. మన జోన్‌లో ఫుట్‌బాల్ అంటే కాలికట్, కేరళ లాంటి యూనివర్సిటీలతో ఢీకొట్టాలి. ఆ ఊళ్లలో బంతికి ఉండే మోజు తెలిసిందే కదా! నాకౌట్ మ్యాచ్‌లు దాటి చివరి నలుగురిలో నిలిస్తే ఆలిండియా పోటీలకు టికెట్టు దొరికినట్టే. అక్కడ మొదటి ఎనిమిదిలో ఉంటే ఖేలో ఇండియా యూనివర్సిటీ క్రీడలకు అర్హత. 2020లో భువనేశ్వర్‌లో మొదలయ్యాయివి. ఈ దారి పొడవునా గోల్సే మాట్లాడతాయి. ఏ కమిటీ కూర్చుని ‘మీరు గెలిచారు గానీ...’ అనదు.

అనే కమిటీ మనకీ ఉంది. కాకపోతే అది ఇంకా కింది మెట్టు మీదుంటుంది. జట్లను కాదు, కుర్రాళ్లను ఎంచుతుంది.

అంతర్ కళాశాలల పోటీల్లో ఆట చూసి, ఎంపిక పోటీలు పెట్టి, బోలెడు కాలేజీల పిల్లల్లోంచి ఒక్క జట్టుని తయారుచేస్తారు. హిందూపురం కుర్రాడు తెల్లవారకముందే లేచి, పెనుకొండ, ధర్మవరం దాటి, సుమారు 110 కిలోమీటర్లు ప్రయాణం చేసి మైదానంలో దిగుతాడు. ఆర్‌డీటీ క్రీడాగ్రామం పుణ్యమాని అనంతపురం చుట్టుపక్కల చిన్నప్పట్నుంచే పచ్చిక మీద శిక్షణ పొందినవాళ్లుంటారు. వాళ్ల పక్కన, కాలేజీ వెనకాల మట్టినేల మీద ఆట నేర్చుకున్న ఇతనికి తన సత్తా చూపించుకోవడానికి దొరికేది కాసేపే. అసలు కాలేజీలో వ్యాయామ అధ్యాపకుడు లేకపోతే, పదకొండు మంది పోగవకపోతే, పోటీకి పేరు పంపేవాళ్లే ఉండరు. అలాంటి కాలేజీలో మంచి స్ట్రైకర్ ఉన్నాడని అనంతపురంలో ఎవరికి తెలుస్తుంది?

యూనివర్సిటీ జెర్సీ మీద ఇంత తపన ఎందుకంటే, దాని వెనక ఓ కాగితం ఉంది. కేంద్ర ప్రభుత్వ గ్రూప్-సి ఉద్యోగాల్లో క్రీడాకారుల నియామకాలకు చూపాల్సిన ధ్రువపత్రాల్లో ఫారం-3 అనేది యూనివర్సిటీ ఆటగాళ్లది. అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో యూనివర్సిటీ తరఫున ఆడినవాళ్లకే అది ఇస్తారు. అంతర్ కళాశాలల పోటీల్లో కప్పు గెలిచినా ఆ ఫారం రాదు. అంటే జట్టులో ఆఖరిపేరుగా చోటు దక్కినవాడికీ, త్రుటిలో తప్పిపోయినవాడికీ ఆటలో తేడా వెంట్రుకవాసే కావచ్చు. కాగితం దగ్గరికొచ్చేసరికి అది కొండంత అవుతుంది. మగ్గం మీద బతికే ధర్మవరం ఇంట్లో ఆ తేడాకి ఉన్న విలువ వేరే చెప్పాలా?

అమెరికా కమిటీని ఎన్నయినా అనొచ్చు గానీ, ఒక్క విషయంలో మెచ్చుకోవాలి. ర్యాంకులు ప్రకటించాక కమిటీ అధ్యక్షుడు టీవీ ముందుకొచ్చి ‘ఎందుకు’ అన్నదానికి జవాబు చెబుతాడు. ఫ్లోరిడా అభిమానులు ఆ జవాబుకి మండిపడ్డారు. మండిపడటానికైనా ఓ జవాబు ఉంది! నోటీసుబోర్డు మీద తన పేరు కనిపించని కుర్రాడికి కూడా, వేగం చాలలేదనో ఎడమకాలు వాడటం లేదనో ఒక్కముక్క చెబితే వచ్చే ఏడాదికి సరిదిద్దుకుని వస్తాడు.

వచ్చే ఏడాది అనేది కూడా అందరికీ ఉండదు. ఈ పోటీలకు వయసు 25 లోపే ఉండాలి, ఎక్కడో ఓ చోట రెగ్యులర్ విద్యార్థిగా చదువుతూ ఉండాలి. డిగ్రీ మూడో ఏడాదిలో పేరు రాకపోతే, ఆ పైన చదువు కొనసాగిస్తేనే ఇంకో అవకాశం. జట్టులో చోటు దక్కిన పిల్లల తల్లిదండ్రులకైతే ఓ చిన్న పని ఉంది. కాలేజీ ఇచ్చే ప్రశంసాపత్రం ఫారం-3 కాదు. దాని మీద యూనివర్సిటీ క్రీడల బాధ్యత చూసే అధికారి సంతకమే ఉండాలి. కుర్రాడు టీసీ తీసుకుని బయటికి రాకముందే అడిగి తీసుకోవడం మంచిది.