మంచం పక్కనున్న సాక్షి

విజయవాడ బెంజ్ సర్కిల్ నుంచి పటమట వైపు, మొగల్రాజపురం వైపు ఉన్న అపార్ట్‌మెంట్లలో మంచం పట్టిన పెద్దలు చాలామందే ఉన్నారు. పిల్లలు అమెరికాలోనో హైదరాబాద్‌లోనో ఉంటారు. ఏజెన్సీ పంపిన కేర్‌టేకర్ 12 గంటల డ్యూటీకి వస్తుంది. మామ్మగారికి స్నానం చేయించేటప్పుడు ఒంటిమీద కమిలిన మచ్చ ముందు కనబడేది ఆమెకే. కాగితాల మీద ఎవరు వేలిముద్ర వేయించుకున్నారో, రాత్రి గొడవ చేయకుండా డాక్టరు రాయని నిద్రమాత్ర ఎవరు మింగిస్తున్నారో కూడా ఆమెకే తెలుస్తుంది.

మన చట్టాలు మాత్రం ఆమెను అనుమానంతోనే చూస్తాయి. నిస్సహాయులను చూసుకుంటానని ఒప్పుకొని కావాలనే ఆ పని మానేస్తే 3 నెలల వరకు జైలు, లేదా 5 వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ అంటుంది భారతీయ న్యాయ సంహిత 357వ సెక్షన్. 1860 నాటి ఐపీసీలో ఇది 491వ సెక్షన్. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం కింద కేంద్రం ఇచ్చిన నమూనా నియమాల్లోనూ పనివాళ్ల పూర్వాపరాలు పోలీసులు విచారించాలని ఉంది. అవన్నీ అవసరమే. కానీ ఆమె కళ్లెదుటే కొడుకో కోడలో చెయ్యి చేసుకుంటే ఆమె ఏం చేయాలి? చెప్పినందుకు ఉద్యోగం పోతే ఎవరు ఆదుకోవాలి? దీనికి మన దగ్గర జవాబు లేదు. పిల్లలపై లైంగిక నేరం తెలిసీ చెప్పకపోతే పోక్సో చట్టం శిక్షిస్తుంది. పెద్దల విషయంలో అలాంటి నిబంధనే లేదు. కృష్ణా జిల్లా వాళ్లు ఎందరో స్థిరపడిన కాలిఫోర్నియాలో జీతానికి వచ్చినా, ఊరికే చూసుకుంటున్నా, సంరక్షకులు వృద్ధులపై హింసను అధికారులకు తెలపాల్సిందే. తెలపకపోతే నేరం. తెలిపినవారి పేరు గోప్యంగా ఉంచుతారు.

జీతం ఇచ్చేది కొడుకే కావచ్చు, కేర్‌టేకర్ బాధ్యత మాత్రం మంచం మీద ఉన్న మనిషి పట్లే. 'గదికి గడియ పెట్టి వెళ్లు' అని ఇంటివాళ్లు చెప్పారని పెడితే, అక్రమ నిర్బంధం కేసులో ఆమె కూడా ముద్దాయి కావచ్చు.

చిక్కల్లా పెద్దావిడ 'ఎవరితోనూ అనకమ్మా, పరువు పోతుంది' అని చెయ్యి పట్టుకున్నప్పుడు. తెలివి స్థిమితంగా ఉన్న మనిషి మాటకు విలువ ఇవ్వాలి. ఆవిడను కాదని వెళ్లడం కూడా ఒకరకంగా ఆవిడ మీద పెత్తనమే. అయినా ప్రాణానికి ముప్పున్నా, మతిమరుపు వ్యాధితో తనకేం జరుగుతోందో ఆవిడకే తెలియకపోయినా కేర్‌టేకర్ మౌనంగా ఉండకూడదన్నది నా అభిప్రాయం.

చెప్పడానికి చోట్లు లేకపోలేదు. అత్యవసరమైతే 112, లేకుంటే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567. పోషణ కోసం ఆర్డీవో స్థాయి ట్రైబ్యునల్‌కు పెద్దలు స్వయంగా వెళ్లలేకపోతే వారి తరఫున మరొకరు దరఖాస్తు చేయవచ్చని 2007 చట్టం 5వ సెక్షన్ అంటోంది. ఆ మరొకరు రక్తసంబంధీకులే కావాలని అనలేదు. పెద్దలు ఒప్పుకుంటే కేర్‌టేకరే ఆ పని చేయవచ్చు. ట్రైబ్యునల్ తనంతట తానుగా కూడా విచారణకు తీసుకోవచ్చు. తేదీ వేసి, చూసింది చూసినట్టు నోటుపుస్తకంలో రాసుకుంటే అక్కడ ఆమె మాట నిలబడుతుంది.

ఇళ్లకు మనుషులను పంపే సంస్థలు రిజిస్టరు కావాలనీ, కనీస ప్రమాణాలు పాటించాలనీ 2019 డిసెంబరులో లోక్‌సభ ముందుకొచ్చిన సవరణ బిల్లు చెప్పింది. 2024లో సభ రద్దవడంతో అది మురిగిపోయింది. దాన్ని మళ్లీ తేవాలి, కాకపోతే ఒక మార్పుతో. హింసను బయటపెట్టిన కేర్‌టేకర్‌ను ఏజెన్సీ డ్యూటీ నుంచి తప్పిస్తే, ఇంకోచోట పని చూపించేదాకా జీతం ఆ ఏజెన్సీయే ఇవ్వాలన్న నిబంధన అందులో చేర్చాలి.