తప్పుకున్నది ఏ రోజు?

ఆ శుక్రవారం రాత్రి తొమ్మిదిన్నరకి మా క్యారీ కుర్రాడొకడు "అన్నా, నేను తప్పుకుంటున్నా" అని వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. హైదరాబాద్‌లో అప్పటికి శనివారం ఉదయం ఏడు. ఆటలో 'లీవ్' బటన్ నొక్కిందేమో ఆదివారం. ఇంతకీ అతను వెళ్లిపోయింది ఎప్పుడు? దీనిమీద మేము వారం రోజులు కొట్టుకున్నాం.

ఆట క్లాష్ ఆఫ్ క్లాన్స్. (ఫోర్ట్‌నైట్ తయారుచేసిన ఎపిక్ గేమ్స్ మా ఊళ్లోనే ఉంది. అయినా మాకు ఫిన్లాండ్ వాళ్ల ఆటే ముద్దు!) ఇందులో క్లాన్ వార్ అంటే ఒక రోజు సన్నాహం, ఒక రోజు యుద్ధం. జాబితా ఖాయమయ్యాక ఎవరు వెళ్లిపోయినా వాళ్ల చోట ఇంకొకర్ని పెట్టడానికి వీల్లేదు. రెండు దాడులు పోయినట్టే. అందుకే శనివారం వార్ ఉంటే శుక్రవారంలోగా చెప్పాలని, చెప్పకుండా పోయినవాళ్లని మళ్లీ చేర్చుకోకూడదని మాలో మేం పెట్టుకున్న కట్టుబాటు.

శుక్రవారమే చెప్పాడుగా అని క్యారీ వాళ్లం. కాదు, శనివారం అని హైదరాబాద్ వాళ్లు. బటన్ నొక్కేదాకా సభ్యుడేనని దుబాయ్ అన్న. ఆయన మాటలోనూ న్యాయం లేకపోలేదు. కోపంలో 'పోతున్నా' అని, కాఫీ తాగి తిరిగొచ్చేవాళ్లు మాలో నలుగురున్నారు. కానీ మా ఉద్దేశంలో చెప్పిన గడియే లెక్క, అదీ చెప్పినవాడి ఊరి గడియారం ప్రకారం. బటన్ యంత్రం కోసం, మాట మనుషుల కోసం. ఆ మాట చదివి కూడా అతని పేరు జాబితాలో ఉంచింది మేమే కదా!

తర్వాత తెలిసింది, ఆ శుక్రవారమే అతని ఉద్యోగం పోయిందని. హెచ్-1బి మీద ఉన్నవాళ్లకి ఈ తేదీల గొడవ ఆట కాదు. 2017 జనవరిలో అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం ఉద్యోగం పోయాక గరిష్ఠంగా 60 రోజులు, ఐ-94 గడువు ముందే ముగిస్తే అంతవరకే. మరి ఎప్పట్నుంచి లెక్క? మేనేజరు పిలిచి చెప్పిన రోజా, లాప్‌టాప్ తీసుకున్న రోజా? సాధారణంగా ఏ రోజు వరకు జీతం ఇచ్చారో దాని మర్నాటి నుంచి. కాబట్టి ఆఖరి రోజు ఏదో కాగితం మీద రాయించుకోండి. మొహమాటపడొద్దు. అతను ఆ కాగితం కోసం తిరుగుతుంటే, అతన్ని పారిపోయినవాడు అనాలా వద్దా అని మేమిక్కడ ఓట్లేసుకుంటున్నాం.

ఇప్పుడు తప్పుకునేవాళ్లు తేదీ పక్కన 'ఈస్టర్న్ టైమ్' అని కూడా రాయాలన్నాం. హైదరాబాద్ వాళ్లు ఇంకా ఒప్పుకోలేదు.