గుణదోష విచారణ

పద్యనాటక శిక్షణ శిబిరంలో ఒక యువకుడు రాయబార ఘట్టాన్ని అభ్యసిస్తున్నాడనుకోవచ్చు. తిరుపతి వేంకట కవుల ‘పాండవోద్యోగ విజయాలు’ తెలుగునాట పల్లెపల్లెకూ పరిచితమైనవి. హార్మోనియం శ్రుతి అందగానే అతడు శ్రీకృష్ణుడై పద్యం ఎత్తుకుంటాడు. గొంతు మధురమే. రాగం దీర్ఘంగా సాగుతుంది. అయితే ఊపిరి చాలక ఒక సమాసాన్ని నడుమ విరుస్తాడు. వినేవారికి రాగం దక్కుతుంది, అర్థం జారిపోతుంది.

పద్యం ముగియగానే కొందరు ‘అద్భుతం’ అని చప్పట్లు చరుస్తారు. మరికొందరు ‘కృష్ణుని గాంభీర్యమే లేదు’ అని పెదవి విరుస్తారు. ఈ రెండు మాటలూ అతనికి అక్కరకు రావు. మొదటిది నమ్మితే ఆ దోషాన్నే మరింత శ్రద్ధగా సాధన చేస్తాడు. రెండవది మనసుకు తగిలితే మరునాడు శిబిరానికి రావడమే మానుకుంటాడు. ‘మూడవ పాదంలో సమాసం మధ్య ఊపిరి తీశావు, దానికి ముందే ఆగి చూడు’ అన్న మాట మాత్రం అతనికి చేయదగిన పనిని చూపుతుంది.

నాట్యశాస్త్రం 27వ అధ్యాయంలో భరతుడు ప్రదర్శనను పరీక్షించే ప్రాశ్నికులను పేర్కొన్నాడు. ఛందస్సు ఎరిగినవాడు వృత్తాలను, సంగీతజ్ఞుడు స్వరతాళాలను, విలుకాడు అంగసౌష్ఠవాన్ని పరిశీలించాలన్నాడు. నాటకశాలలో విలుకానికేమి పని అనిపించవచ్చు. విల్లు ఎక్కుపెట్టి నిలిచిన భంగిమలోని లోపం అతనికి తెలిసినట్లు మరొకరికి తెలియదు కదా! ఎవరికి ఏది తెలుసునో వారు దానినే చెప్పాలన్న ఈ నియమం నేటి శిబిరాలలో అరుదుగా కనిపిస్తుంది. శ్రుతిజ్ఞానం లేనివారే రాగంపై తీర్పు చెబుతుంటారు.

చెప్పే తీరుకు కాళిదాసు ‘మాళవికాగ్నిమిత్రం’ చక్కని ఉదాహరణ. మాళవిక నాట్యం ముగించి వెళ్లబోతుంటే, క్రమభంగం జరిగిందంటూ విదూషకుడు ఆపుతాడు. ఆచార్యుడు గణదాసు శిష్యురాలిని వెనకేసుకొని రాడు. అక్కడే నిలిచి తీర్పు వినమంటాడు. తీర్పరి అయిన పరివ్రాజిక దోషం లేదని మాత్రమే చెప్పి ఊరుకోదు. అంగవిన్యాసం, పాదగతి, రసంలో తన్మయత్వం ఒక్కొక్కటిగా ఎంచుతుంది. మెచ్చుకోలుకూ కారణం ఉండాలి మరి. ఇక విదూషకుడు పట్టిన తప్పు, తొలి ప్రదర్శనకు ముందు బ్రాహ్మణునికి పూజ జరగలేదని! రాజు ఆమెను మరికొంతసేపు చూడాలన్నదే అతని ఆంతర్యం. కళతో నిమిత్తం లేని ఇటువంటి ఆక్షేపణలు నేడూ వినవస్తాయి. మాళవికవలె చిరునవ్వు నవ్వి ఊరుకోవచ్చు.

చెప్పడం కంటె వినడం కష్టం. నటునికి తన దేహమే వాద్యం గనుక, పద్యంపై విమర్శ తనపై నిందగా తోస్తుంది. ‘జలుబు చేసింది’, ‘శ్రుతి హెచ్చింది’ వంటి సంజాయిషీలు నాలుక చివర సిద్ధంగా ఉంటాయి. వాటిని దిగమింగి ‘ఏ పాదంలో?’ అని తిరిగి అడిగితే, పైపైన మాట్లాడినవాడు కూడా ఆలోచించక తప్పదు. ప్రతి సలహానూ పాటించనక్కరలేదు. ఒకే చోట ముగ్గురికి అర్థం అందలేదంటే మాత్రం ఆ చోటు చూసుకోవలసిందే.

ఆ యువకుడు రాగాన్ని కొంతసేపు పక్కనపెట్టి, పద్యాన్ని పదవిభాగంతో వచనంవలె చదువుకోవాలి. ఊపిరి తీయవలసిన చోట్లను పెన్సిలుతో గుర్తించుకోవాలి. హార్మోనియం ఆ తరువాతే.